అడిగిందల్లా ఇవ్వాలా?

ఇంటర్ ఫలితాలు విడుదలయ్యే రోజు మన ఇళ్లలో హడావుడి ఎలా ఉంటుందో వేరే చెప్పక్కర్లేదు. బోర్డు వెబ్‌సైటు తెరుచుకోదు. అందరూ ఒకేసారి దాని మీద పడతారు మరి. ఆత్రం ఆగక గూగుల్‌లో వెతికితే "ఫలితాలు అందరికంటే ముందు ఇక్కడే" అంటూ ఇంకో అరడజను సైట్లు కనిపిస్తాయి. ఒకటి నొక్కుతాం. హాల్ టికెట్టు నంబరు అడుగుతుంది. సరే, అది లేనిదే మార్కులు రావు. దాని కింద ఇంకో గడి, విద్యార్థి పేరు. దాని కింద మొబైల్ నంబరు. ఆ కింద ఊరు పేరు. అన్నిటికన్నా అడుగున, తర్వాత ఏ కోర్సు చదవాలనుకుంటున్నారు అనే ప్రశ్న. కంగారులో ఉన్న పిల్ల అన్నీ నింపేస్తుంది. మర్నాటి నుంచి ఇంటికి ఫోన్లు మొదలవుతాయి. "మేడమ్, మీ అమ్మాయి ఎంపీసీ కదండీ, మా కాలేజీలో మేనేజ్‌మెంట్ కోటాలో సీట్లున్నాయి." ఆ ఫోన్లు ఆగస్టు దాకా ఆగవు. మార్కుల మెమోకీ మొబైల్ నంబరుకీ సంబంధం ఏమిటని ఆ క్షణంలో ఎవరూ అడగరు. ఈవేళ మనం మాట్లాడుకోబోయేది ఆ అడగకపోవడం గురించే.

మనకో అలవాటుంది. ఎదుటివాళ్లు అడిగినప్పుడు చెప్పకపోతే మర్యాద కాదనుకుంటాం. బట్టల షాపులో బిల్లు దగ్గర "నంబరు చెప్పండి సార్" అంటారు. వెనక పదిమంది నిలబడి ఉండగా పది అంకెలూ గట్టిగా అప్పజెప్పేస్తాం. మొబైల్ నంబరు ఇస్తేనే సరుకు ఇస్తామని పట్టుబట్టవద్దని కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ 2023 మే నెలలోనే దుకాణాలకు సూచించింది. ఆ సంగతి కౌంటరు దగ్గరి అమ్మాయికీ తెలియదు, మనకూ తెలియదు. వెబ్‌సైట్ల దగ్గరా మన తీరు ఇంతే. కాకపోతే దుకాణం అడిగి తీసుకుంటుంది. వెబ్‌సైటు అడిగీ తీసుకుంటుంది, అడగకుండానూ తీసుకుంటుంది.

అడగకుండా ఎలా తీసుకుంటుందో కాస్త దగ్గరగా చూద్దాం. మీరు ఫోనులో పంచాంగం సైటు తెరిచారనుకోండి. తిథి చూడాలి, రాహుకాలం చూడాలి, అంతే మీ పని. పేజీ మీ ఫోనుకు చేరాలంటే మీ ఇంటర్నెట్ చిరునామా, అంటే ఐపీ అడ్రసు, అవతలికి తెలియక తప్పదు. దాంతోపాటు మీది ఏ రకం ఫోను, ఏ బ్రౌజరు, తెర ఎంత వెడల్పు, ఏ భాష పెట్టుకున్నారు, మీ గడియారం ఏ దేశపు సమయం చూపిస్తోంది, ఇవన్నీ మీరు నోరు విప్పకుండానే అటు వెళ్లిపోతాయి. విడివిడిగా చూస్తే ఇవేవీ రహస్యాలు కావు. అన్నీ కలిపి చూస్తే మాత్రం, లక్షల ఫోన్లలో ఇది ఫలానా ఫోనే అని పోల్చుకోవడానికి చాలాసార్లు సరిపోతాయి. దీన్ని ఫింగర్‌ప్రింటింగ్ అంటున్నారు. వేలు ఎక్కడా పెట్టకుండానే తీసే వేలిముద్ర ఇది.

దీనికన్నా పాతదీ, అందరికీ పేరు తెలిసిందీ కుకీ. దీని పుట్టుకలో మోసం ఏమీ లేదు. 1994లో నెట్‌స్కేప్ కంపెనీలో లూ మాంటుల్లి అనే యువ ఇంజనీరుకు ఓ చిక్కు వచ్చి పడింది. వెబ్‌కు జ్ఞాపకం లేదు. ఒక పేజీలో సరుకు బుట్టలో వేసి రెండో పేజీకి వెళ్తే, వచ్చింది ఇందాకటి మనిషేనని సైటుకు తెలియదు. బుట్ట ఖాళీ అయిపోతుంది. ఆయన కనిపెట్టిన ఉపాయం గుడి ముందు చెప్పుల స్టాండులో ఇచ్చే టోకెను లాంటిది. స్టాండు వాడికి మీ పేరు తెలియదు, ఊరు తెలియదు. టోకెను చూపిస్తే మీ చెప్పులు మీకిస్తాడు. అంతవరకు చక్కటి ఏర్పాటే. ఈవేళ మీరు బ్యాంకు సైటులో లాగిన్ అయి పది పేజీలు తిరిగినా ప్రతి పేజీలో పాస్‌వర్డు అడగడం లేదంటే అది ఆ టోకెను పుణ్యమే.

చిక్కు ఎక్కడొచ్చిందంటే, మీరు తెరిచిన పంచాంగం పేజీలో పంచాంగం ఒక్కటే ఉండదు. పైన ఒక ప్రకటన, పక్కన ఇంకొకటి, కింద ఫేస్‌బుక్ బటను, కంటికి కనిపించకుండా ఎంతమంది వచ్చారో లెక్కకట్టే ఓ చిన్న ముక్క. ఇవి ఒక్కొక్కటీ ఒక్కో కంపెనీ దగ్గర్నుంచి వస్తాయి. ప్రతి కంపెనీ తన టోకెను తాను మీ ఫోనులో పడేస్తుంది. వీటినే థర్డ్ పార్టీ కుకీలు అంటారు, అంటే మీరు వెళ్లిన సైటువి కాదు, పరాయివాళ్లవి. పొద్దున పంచాంగం సైటులో ప్రకటన వేసిన కంపెనీయే మధ్యాహ్నం మీరు చూసిన థైరాయిడ్ మందుల సైటులోనూ, రాత్రి చూసిన పెళ్లి సంబంధాల సైటులోనూ ఉందనుకోండి. మూడు చోట్లా మీరు చూపించేది ఒకే టోకెను. మీ పేరు తెలియకపోయినా మీ ఇంట్లో ఎవరికో థైరాయిడ్ ఉందనీ, పెళ్లికి ఎదిగిన పిల్లలున్నారనీ, ముహూర్తాలు చూస్తున్నారనీ ఆ కంపెనీకి తెలిసిపోయింది. ఇక ఎప్పుడో ఒక చోట మీరు మొబైల్ నంబరు రాసిస్తారు. ఆ నంబరు ఈ చిట్టాకు జతపడిందంటే పేరు లేని మనిషికి పేరు వచ్చేసినట్టే. అందుకే ఆ ఫలితాల సైటులో నింపిన గడి చిన్న విషయం కాదంటున్నాను.

బ్రౌజర్ల సంగతి ఒక్కమాటలో చెబుతాను. ఈ పరాయి కుకీలను ఫైర్‌ఫాక్స్ 2019 నుంచీ, ఆపిల్ వారి సఫారీ 2020 నుంచీ తమంతట తామే అడ్డుకుంటూ వస్తున్నాయి. మన ఫోన్లలో ఎక్కువగా ఉండేది గూగుల్ వారి క్రోమ్. వీటిని తీసేస్తామని గూగుల్ 2020లో ప్రకటించింది. ఏటికేడు వాయిదా వేసింది. 2024 జులైలో ఆ ఆలోచన విరమించుకుంది. ప్రకటనలే ప్రధాన ఆదాయమైన కంపెనీ ప్రకటనల కళ్లకు గంతలు కడుతుందని ఆశించడం మన అమాయకత్వం. క్రోమ్‌లో వాటిని ఆపే మీట ఉంది, ఎటొచ్చీ మనమే వెతికి నొక్కుకోవాలి. సెట్టింగ్స్‌లో సైట్ సెట్టింగ్స్, అందులో థర్డ్ పార్టీ కుకీస్, అక్కడ బ్లాక్. నిమిషం పని.

క్రోమ్‌లోని ఇన్‌కాగ్నిటో కిటికీ మీద చాలామందికి గట్టి నమ్మకం. అందులో చూస్తే ఎవరికీ తెలియదని. అది మీ ఇంట్లోవాళ్లకు తెలియకుండా ఉంచుతుంది, అంతే. మీరు చూసినవాటి జాబితా ఫోనులో మిగలదు. మీరు వెళ్లిన సైటుకూ, మీకు ఇంటర్నెట్ ఇచ్చే కంపెనీకీ మాత్రం మీ రాకపోకలు తెలుస్తూనే ఉంటాయి. దీని మీదే అమెరికాలో గూగుల్ మీద 2020లో దావా పడింది. 2024లో రాజీ కుదిరి, ఆ కిటికీలో తిరిగినవారి గురించి పోగుపడిన వందల కోట్ల రికార్డులను చెరిపేయడానికి కంపెనీ ఒప్పుకుంది. చెరిపేయడానికి అన్ని రికార్డులు ఉన్నాయంటేనే విషయం బోధపడుతుంది.

ఇక అందరికీ విసుగు తెప్పించే ఆ పట్టీ సంగతి. సైటు తెరవగానే కింద నుంచి పైకి లేచి సగం తెర ఆక్రమించేది. "మీ అనుభవాన్ని మెరుగుపరచడానికి కుకీలు వాడతాం" అంటుంది. యాక్సెప్ట్ ఆల్ అని పెద్ద బటను, నిండు రంగులో. దాని పక్కన బూడిదరంగు చిన్నక్షరాల్లో ఇంకేదో. మనం పెద్దది నొక్కేసి వంకాయ కూర ఎలా వండాలో చదువుకుంటాం. అసలీ పట్టీ మన చట్టం వల్ల వచ్చింది కాదు. ఐరోపాలో కుకీలకు సమ్మతి అడగాలన్న నియమం ముందునుంచీ ఉంది. 2018 మే 25న జీడీపీఆర్ అనే చట్టం అమల్లోకి వచ్చాక పట్టీలు ప్రపంచమంతా పాకాయి. ముందే టిక్కు పెట్టి ఉంచిన గడి సమ్మతి కిందకు రాదని అక్కడి అత్యున్నత న్యాయస్థానం 2019లో తేల్చింది. ఫ్రాన్సులో ఈ వ్యవహారాలు చూసే సంస్థ 2022 జనవరిలో ప్రకటించిన జరిమానాలు ఇంకా ఆసక్తికరమైనవి. గూగుల్‌కు 15 కోట్ల యూరోలు, ఫేస్‌బుక్‌కు 6 కోట్ల యూరోలు. నేరం ఏమిటంటారా? ఒప్పుకోవడానికి ఒక్క నొక్కు చాలు, కాదనడానికి నాలుగైదు చోట్ల తిప్పారు. అంతే! కాదనే మాట ఔననే మాటంత తేలిగ్గా ఉండాలన్నది అక్కడి వాదన. ఆ జరిమానాల తర్వాతే అక్కడ రిజెక్ట్ ఆల్ అనే బటను యాక్సెప్ట్ పక్కకు వచ్చి నిలబడింది.

అందుచేత పట్టీ కనిపించినప్పుడు విసుగు పడకండి. రిజెక్ట్ అని ఉందేమో చూడండి. లేకపోతే మేనేజ్ అనో, ఓన్లీ నెసెసరీ అనో ఉంటుంది. నొక్కండి. మీరు కాదన్నారని వంకాయ కూర మాయమైపోదు. ఇంకో మాట. మన దేశపు సైట్లు చాలా వాటిలో అసలు పట్టీయే ఉండదు. ఉండదు కనక కుకీలు లేవని కాదు, అడగలేదని.

మరి మన చట్టం సంగతేమిటి? దీనికి ముందు ఒక మనిషి గురించి చెప్పాలి. కాపుల రిజర్వేషన్ల చర్చ వచ్చినప్పుడల్లా మన రాష్ట్రాల్లో పుట్టస్వామి కమిషన్ పేరు వింటుంటాం. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 1994లో వేసిన బీసీ కమిషన్‌కు అధ్యక్షుడాయన, కర్ణాటక హైకోర్టులో చేసి రిటైరైన న్యాయమూర్తి. ఆ పుట్టస్వామిగారే 2012లో, ఎనభై ఏళ్లు పైబడ్డ వయసులో, ఆధార్ మీద సుప్రీంకోర్టుకు వెళ్లారు. గోప్యత ప్రాథమిక హక్కు కానే కాదని కేంద్రం వాదించింది. 1954 నాటి, 1962 నాటి పాత తీర్పులను చూపించింది. చివరకు 9 మంది న్యాయమూర్తుల ధర్మాసనం కూర్చుని 2017 ఆగస్టు 24న ఏకగ్రీవంగా తీర్పు చెప్పింది. గోప్యత మన జీవించే హక్కులోనే, రాజ్యాంగం 21వ అధికరణంలోనే ఉందని. దేశంలో ఈ విషయంలో ఏ కేసు వాదించినా ఈ పెద్దాయన పేరే ముందు తలుస్తారు. ఆయన 2024లో కన్నుమూశారు.

ఆ తీర్పు వచ్చిన ఆరేళ్లకు, 2023 ఆగస్టులో, డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం వచ్చింది. దాని నియమాలు రావడానికి ఇంకో రెండేళ్లు పట్టింది. 2025 నవంబరులో వెలువడ్డాయి. కంపెనీలు సర్దుకోవడానికి 18 నెలల గడువిచ్చారు. అంటే మన హక్కులు పూర్తిగా అమల్లోకి రావలసింది 2027 మే నెలలో. తొందర లేని ప్రభుత్వం మనది.

చట్టంలో మంచి మాటలున్నాయి. సమ్మతి మనం స్వేచ్ఛగా, దేనికి ఇస్తున్నామో తెలిసి ఇవ్వాలి. ఆ పనికి అవసరమైన సమాచారం వరకే అది చెల్లుతుంది. ఇందుకు చట్టంలోనే ఓ ఉదాహరణ రాసి పెట్టారు. డాక్టరుతో ఫోనులో మాట్లాడించే యాప్ ఒకటి వైద్యానికి సమ్మతి అడుగుతూ, పనిలో పనిగా మన ఫోనులోని కాంటాక్టులు చూడ్డానికీ సమ్మతి అడిగింది. మనం రెంటికీ సరేనన్నాం. అయినా కాంటాక్టుల విషయంలో ఆ సమ్మతి చెల్లదు. వైద్యానికి కాంటాక్టులతో పనేమిటి? మందుల షాపు ఉదాహరణ ఇంకొకటి. రసీదు మెసేజి పంపమని మీరు నంబరిస్తే, రసీదు పంపడానికే దాన్ని వాడాలి.

ఇచ్చిన సమ్మతిని ఎప్పుడైనా వెనక్కి తీసుకోవచ్చు. ఇవ్వడం ఎంత తేలికో తీసుకోవడమూ అంతే తేలికగా ఉండాలి. నా గురించి మీ దగ్గర ఏముంది, ఎవరికిచ్చారు అని అడగవచ్చు. తప్పుంటే దిద్దమనవచ్చు, అక్కర తీరిపోతే చెరిపేయమనవచ్చు. మనం పోయాక ఈ హక్కులు చూసుకోవడానికి బ్యాంకులో పెట్టినట్టే నామినీని పెట్టుకోవచ్చు. 18 ఏళ్లలోపు పిల్లల సమాచారానికి తల్లిదండ్రుల అనుమతి కావాలి, వాళ్ల వెంటపడి ప్రకటనలు చూపించకూడదు. సమాచారం బయటికి పొక్కితే ఆ సంగతి మనకు ఆలస్యం లేకుండా చెప్పాలి. కాపాడడంలో అశ్రద్ధ చేసిన కంపెనీకి 250 కోట్ల రూపాయల దాకా జరిమానా వేయవచ్చు.

మెచ్చుకుంటూనే రెండు మూడు కొరతలూ చెప్పాలి. ఆ 250 కోట్లలో నష్టపోయిన మనిషికి పైసా రాదు, మొత్తం ప్రభుత్వ ఖజానాకే. సబ్సిడీలూ పథకాలూ ఇవ్వడానికి ప్రభుత్వం మన సమ్మతి విడిగా అడగక్కర్లేదు. తన సంస్థల్లో కొన్నిటిని చట్టం నుంచే మినహాయించుకునే అధికారం కూడా కేంద్రం దగ్గరే ఉంది. నాకు ఇది నచ్చలేదు. ఎందుకంటే ప్రభుత్వ వెబ్‌సైట్ల నిర్వాకం మనం చూడనిది కాదు. 2018లో పెద్దపల్లి జిల్లా ధర్మారంలో సిమ్ కార్డులమ్మే ఒకతను పట్టుబడ్డాడు. రిజిస్ట్రేషన్ల శాఖ వెబ్‌సైటులో ఎవరికైనా దొరికేలా పెట్టిన భూమి దస్తావేజులు దించుకున్నాడు. వాటిలో ఆధార్ నంబరుంది, వేలిముద్రా ఉంది. ఆ ముద్రల్ని రబ్బరు స్టాంపులు చేసే పద్ధతిలో అచ్చు తీసి, అమ్మకాల టార్గెట్ అందుకోవడానికి వేల సిమ్ కార్డులు యాక్టివేట్ చేశాడు. పొలం కొనుక్కున్న రైతు ఆ కాగితం మీద వేలిముద్ర ఇష్టపడి వేశాడా? వేయక తప్పదు కనక వేశాడు. ఇవ్వక తప్పని చోట తీసుకున్నవాడి బాధ్యత ఎక్కువ ఉండాలి గాని తక్కువ ఉండకూడదు.

పోగైన సమాచారం చివరకు ఎక్కడ తేలుతుందో తెలుసుకోవాలంటే సైబరాబాద్ పోలీసులు 2023లో పట్టుకున్న రెండు కేసులు చాలు. మార్చిలో ఏడుగురిని అరెస్టు చేశారు, వాళ్ల దగ్గర 16.8 కోట్ల మంది వివరాలు. వారం పది రోజులకే ఇంకొకరు దొరికారు. అతని దగ్గర 24 రాష్ట్రాలు, 8 మహానగరాలకు చెందిన 66.9 కోట్ల మంది వ్యక్తులు, సంస్థల వివరాలు. నీట్ రాసే విద్యార్థులు ఒక జాబితా, డీమ్యాట్ ఖాతాలున్నవాళ్లు ఒక జాబితా, ఇన్సూరెన్సు ఉన్నవాళ్లు ఒకటి, పాన్ కార్డులున్నవాళ్లు ఒకటి. రకాల వారీగా వేరుచేసి అమ్మకానికి పెట్టారు. ఔరా! కిరాణా కొట్టులో కూడా అంత పద్ధతిగా సర్ది ఉండదు. మిమ్మల్ని పేరు పెట్టి పిలిచి, మీ పాలసీ నంబరు చెప్పి మాట్లాడే మోసగాడు ఆకాశం నుంచి ఊడిపడడు.

చట్టం పూర్తిగా వచ్చేదాకా చేతులు కట్టుకు కూర్చోవాలా? అక్కర్లేదు. సైట్లు జనాన్ని బుట్టలో వేసే ఎత్తుగడల్ని, డార్క్ ప్యాటర్న్‌లంటారు వాటిని, 13 రకాలుగా గుర్తించి కేంద్రం 2023 నవంబరు 30న మార్గదర్శకాలు ఇచ్చింది. కొనే వస్తువుకు అవసరం లేకపోయినా ఆధార్‌తోనో క్రెడిట్ కార్డుతోనో ముడిపడిన వివరాలు ఇస్తే తప్ప ముందుకు పోనివ్వకపోవడం అందులో ఒకటి. అడగకుండా విరాళమో బీమానో బుట్టలో చేర్చడం ఇంకొకటి. ఇలాంటిది ఎదురైతే తెర ఫొటో తీసి పెట్టుకుని 1915కు ఫోను చేయవచ్చు. అది జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్.

ఇప్పుడు ఇళ్లలో పెద్దవాళ్ల ఫోన్ల గురించి. వార్తల సైటో, సినిమా కబుర్ల సైటో తెరుస్తారు. "నోటిఫికేషన్లు పంపమంటారా" అని అడుగుతుంది. పెద్దాయన అలో నొక్కేస్తారు. వారం తిరిగేసరికి ఫోను నిండా గంటలు. "మీ ఫోనుకు వైరస్ పట్టింది, వెంటనే శుభ్రం చేసుకోండి." "మీ బ్యాంకు ఖాతా నిలిపివేయబడింది." అది వైరస్సూ కాదు, బ్యాంకూ కాదు. ఒకనాడు అలో అన్న సైటే ఆ వేషంలో పంపిస్తున్న ప్రకటన. క్రోమ్ సెట్టింగ్స్‌లో సైట్ సెట్టింగ్స్, అందులో నోటిఫికేషన్స్. అక్కడ అలో చేసిన సైట్ల జాబితా కనిపిస్తుంది. అన్నీ తీసేయండి. అసలు ఏ సైటూ అడగకుండా అక్కడే ఆపేయండి. ఈసారి మీ ఊరెళ్లినప్పుడు నాన్నగారి ఫోనులో ఈ పని చేసి రండి, మామిడిపళ్లు తీసుకెళ్లినదానికన్నా సంతోషిస్తారు.

లొకేషన్ కూడా అంతే. వాతావరణం సైటు అడిగిందంటే అర్థముంది. జోకుల సైటుకు మీరెక్కడున్నారో ఎందుకు? ఆండ్రాయిడ్ ఫోను సెట్టింగ్స్‌లో యాడ్స్ అని వెతికితే డిలీట్ అడ్వర్టైజింగ్ ఐడీ అని వస్తుంది. అది ప్రకటనల కంపెనీలు మీ ఫోనును పోల్చుకోవడానికి వాడే గుర్తు, చెరిపేయండి. మీ గూగుల్ ఖాతాలో మీరు వెతికినవన్నీ 3 నెలలకో, 18 నెలలకో వాటంతట అవే చెరిగిపోయేలా పెట్టుకోవచ్చు. పెట్టుకోండి.

ప్రభుత్వ సైటు అసలుదో నకిలీదో పోల్చుకోవడానికి తాళం గుర్తు మీద ఆధారపడకండి. తాళం ఉందంటే దారిలో ఎవరూ చదవలేరని మాత్రమే అర్థం, అవతలివాడు మంచివాడని కాదు. దొంగ సైట్లకూ తాళం ఉంటుంది. జనం దాన్ని నమ్మకానికి గుర్తనుకుంటున్నారనే క్రోమ్ 2023లో ఆ బొమ్మనే తీసేసింది. చిరునామాలో https:// దాటాక వచ్చే మొదటి ఏటవాలు గీతకు సరిగ్గా ముందు డాట్ గవ్ డాట్ ఇన్ అని ఉందా చూడండి. గవ్ హైఫన్ ఇన్ డాట్ కామ్ అని ఉంటే అది సర్కారుది కాదు.

అన్నిటికన్నా నాకు దిగులు కలిగించేది నెట్ సెంటరు. మన ఊళ్లలో స్కాలర్‌షిప్పు దరఖాస్తు, పాన్ కార్డు, కానిస్టేబుల్ ఉద్యోగానికి అప్లికేషను, అన్నీ అక్కడే. కుర్రాడు వస్తాడు, వాట్సాప్‌లో ఆధార్ ఫొటో పంపిస్తాడు, సెంటరాయన దాన్ని కంప్యూటరులో దించుకుంటాడు, ప్రింటు తీస్తాడు, పది రూపాయలు తీసుకుంటాడు, తర్వాతి మనిషిని పిలుస్తాడు. ఎప్పుడైనా ఆ కంప్యూటరులో డౌన్‌లోడ్స్ ఫోల్డరు చూశారా? ఊరు ఊరంతా అందులో ఉంటుంది. ఆధార్లు, బ్యాంకు పాసుపుస్తకాల మొదటి పేజీలు, కులధ్రువీకరణ పత్రాలు, పదో తరగతి మెమోలు. కొందరి జీమెయిలు తెరిచే ఉంటుంది. సెంటరాయన మంచివాడే కావచ్చు, చాలామంది మంచివాళ్లే. ఆయన తర్వాత ఆ కుర్చీలో ఎవరు కూర్చుంటారో మనకు తెలియదు. ఈ-ఆధార్‌కు పాస్‌వర్డు ఉంటుందిగా అంటారేమో. పేరులో మొదటి నాలుగు అక్షరాలు, పుట్టిన సంవత్సరం, అంతేగా. రెండూ అక్కడున్న మిగతా కాగితాల మీదే ఉంటాయి.

పని కాగానే లేచి రాకండి. మీ ఫైళ్లు మీ ఎదురుగా డిలీట్ చేయమనండి, రీసైకిల్ బిన్ కూడా ఖాళీ చేయమనండి. వాట్సాప్‌లో పంపినది రెండు వైపులా తీసేయమనండి. మెయిల్ లాగౌట్ అయ్యిందో లేదో చూసుకోండి. ఆధార్ నంబరులో చివరి 4 అంకెలే కనిపించే మాస్క్‌డ్ ఆధార్ దొరుకుతుంది, సరిపోయిన చోటల్లా అదే ఇవ్వండి. వేలిముద్రలు ఎవరూ వాడకుండా ఆధార్ యాప్‌లో బయోమెట్రిక్ లాక్ వేసుకోవచ్చు. మీ పేరు మీద ఎన్ని సిమ్‌లు ఉన్నాయో సంచార్ సాథీ పోర్టల్‌లో చూసుకోవచ్చు. డబ్బు పోయిందని తెలిస్తే సిగ్గుపడి కూర్చోకుండా అదే గంటలో 1930కి ఫోను చేయండి. ఆలస్యమయ్యే కొద్దీ డబ్బు ఖాతాలు మారిపోతుంది.

నెట్ సెంటరు నడిపేవాళ్లు ఎవరైనా ఈ ప్రసంగం వింటుంటే, అయ్యా, రాత్రి షట్టరు దించే ముందు ఆ ఫోల్డరు ఖాళీ చేయండి. చట్టం పూర్తిగా అమల్లోకి వచ్చాక ఆ కాగితాల జవాబుదారీ మీ మీదికి రావచ్చు.

చివరిగా ఒక్క సంగతి, ఇది మన భాషకు సంబంధించింది. కొత్త చట్టం ప్రకారం మీ సమాచారం ఎందుకు తీసుకుంటున్నారో చెప్పే నోటీసును ఇంగ్లీషులో గాని, రాజ్యాంగం ఎనిమిదో షెడ్యూలులోని 22 భాషల్లో మీరు కోరిన భాషలో గాని చదువుకునే వీలు కల్పించాలి. తెలుగు ఆ జాబితాలో ఉంది. కాని అడగందే అమ్మయినా పెట్టదు. వెబ్‌సైట్లలో చాలా వాటికి ఫిర్యాదుల అధికారి ఈమెయిలు పేజీ అడుగున ఇచ్చి ఉంటుంది. ఇప్పటినుంచే రాయండి. నా గురించి మీ దగ్గర ఏముందో చెప్పండి, అక్కర్లేనిది తీసేయండి, మీ నోటీసు తెలుగులో పెట్టండి అని తెలుగులోనే రాయండి.